రైలు వెళ్ళని రాజధాని

ఇంగ్లండ్‌లోని యార్క్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్ళకు ఊరు చూడటానికి బండి మాట్లాడుకోవలసిన పని లేదు. స్టేషన్ బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే మధ్యయుగాల నాటి కోటగోడ ఎదురవుతుంది. మెట్లెక్కి ఆ గోడ మీదే నడక మొదలుపెట్టవచ్చు. టికెట్ కూడా లేదు. దాదాపు మూడున్నర కిలోమీటర్లున్న ఆ ప్రాకారం ఇంగ్లండ్‌లో మిగిలిన నగర ప్రాకారాలన్నింటిలోకీ పొడవైనది. క్రీ.శ. 71లో రోమన్లు దండు విడిదిగా వేసుకున్న ఆ చోటు తర్వాత వైకింగుల ఏలుబడిలోకి వెళ్ళింది, పెద్ద చర్చితో పేరు తెచ్చుకుంది, 19వ శతాబ్దంలో రైల్వే ఊరు కూడా అయింది. 1841లో మొదటి స్టేషన్‌ని గోడ లోపలే కట్టారు. రైలు లోపలికి రావడానికి గోడకు కమాను తొలిచారు. ఇప్పుడున్న స్టేషన్ 1877లో గోడకు బయట వచ్చింది. యూరప్‌లో పాత నగరాలు చూడటం అంత తేలిక కావడానికి ఇదొక పెద్ద కారణం. రైలు దిగిన చోటే పాత ఊరు మొదలవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో అలా జరగలేదు.

దాదాపు ఏడు వందల ఏళ్ళు రాజధానిగా బతికిన రతన్‌పూర్‌కు రైలు రాలేదు. అక్కడికి పాతిక కిలోమీటర్ల దక్షిణంగా, అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌కు వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి తూర్పు దిక్కుగా లైను పొడిగించుకుంటూ బిలాస్‌పూర్‌ని జంక్షన్ చేసింది. కట్నీ వైపు వేసిన లైను కూడా రతన్‌పూర్‌ని తాకకుండా కర్గీ రోడ్ మీదుగా అడవుల్లోకి సాగిపోయింది. బిలాస్‌పూర్ పెరిగి పెద్దదై 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రమైంది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువుల కోసం వెళ్ళిన కుటుంబాలు తరాలుగా అక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. విశాఖపట్నం నుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్ మీదుగా కోర్బా వెళ్ళే రైలు, తిరుపతి నుంచి వెళ్ళే బిలాస్‌పూర్ రైలు ఈ రాకపోకలకు ఇప్పటికీ ఆధారం.

ఇంత బంధుత్వం ఉండి కూడా తెలుగునాట రతన్‌పూర్ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళకు అది మహామాయ అమ్మవారి గుడి. కొబ్బరికాయ కొట్టి, దర్శనం చేసుకుని, వచ్చిన బండిలోనే తిరిగొచ్చేస్తారు. ఆ గుడి ఒక పాత నగరం మధ్యలో ఉంది. కోట ఉంది, అగడ్త ఉంది, గుట్టల మీద గుళ్ళున్నాయి, లెక్కకు మించిన చెరువులున్నాయి. అవన్నీ దర్శనం క్యూకి అటూ ఇటూ ఉండిపోతాయి. రతన్‌పూర్‌ని గుడిగా కాక నగరంగా చూడాలి. అలా చూడాలంటే మొదలుపెట్టాల్సిన చోటు తఖత్‌పూర్.

తఖత్‌పూర్ బిలాస్‌పూర్‌కు పడమరగా, ముంగేలీ వెళ్ళే రోడ్డు మీద, 30 కిలోమీటర్ల దూరంలో మనియారీ నది ఒడ్డున ఉంటుంది. చుట్టూ వరి పొలాలు, మధ్యలో బజారు. చూడగానే ఏ చరిత్రా కనిపించదు. కానీ ఆ ఊరి పేరులోనే రతన్‌పూర్ ఉంది. 17వ శతాబ్దం చివరి భాగంలో రతన్‌పూర్‌ని ఏలిన తఖత్ సింగ్ వేయించిన ఊరిది. ఆయన ఇటుకలతో కట్టించిన మేడ శిథిలాల గురించి, శివాలయం గురించి బ్రిటిష్ కాలపు గెజిటీర్లు రాశాయి. అప్పట్లో మండ్లా వైపు పోయే పెద్దబాట ఈ ఊరి మీదుగానే ఉండేది. రాజధానిలో కూర్చున్న రాజుకు పడమటి బాట మీద పట్టు ఉండాలంటే అక్కడొక ఊరు, ఒక బజారు, ఒక మేడ కావాలి. తఖత్‌పూర్‌లో నిలబడితే రతన్‌పూర్ చెయ్యి ఎంత దూరం చాచిందో తెలుస్తుంది.

ఆ చెయ్యి నిజానికి ఇంకా చాలా దూరం వెళ్ళింది. శివనాథ్ నదికి ఉత్తరాన 18 గఢ్‌లు రతన్‌పూర్ కింద, దక్షిణాన 18 గఢ్‌లు రాయ్‌పూర్ శాఖ కింద ఉండేవి. గఢ్ అంటే ఒక కోట, దాని కింద కొన్ని ఊళ్ళు, వాటి శిస్తు. ఈ 36 కలిసే ఛత్తీస్‌గఢ్ అయిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకునే మాట. మొఘలుల కాలంలో రతన్‌పూర్‌ని ఏలిన కల్యాణ్ సాయ్ పేరిట ఒక జమాబందీ పుస్తకం ఉండేది. ఏ గఢ్ నుంచి ఎంత రాబడి, ఎంత సైన్యం అన్న లెక్కలన్నీ అందులో ఉండేవి. 1860లలో బిలాస్‌పూర్ శిస్తు సెటిల్‌మెంట్ చేసిన చిషోమ్ అనే అధికారి దాన్ని చూసి తన నివేదికలో వాడుకున్నాడు. ఇవాళ ఒక రాష్ట్రానికే పేరుగా మారిన ఆ లెక్క ఒకప్పుడు రతన్‌పూర్ కచేరీలో రాసుకున్న పద్దు.

తఖత్‌పూర్‌ని మొదలుగా పెట్టుకోవడానికి ఇంకో కారణం మనియారీ. మైకల్ కొండల్లో పుట్టి, లోర్మీ మీదుగా తఖత్‌పూర్ పక్కనుంచి పారి, ఈ నది దక్షిణాన శివనాథ్‌లో కలుస్తుంది. ఆ కలిసే చోటుకు కాస్త పైన, ఒడ్డున, తాలా అనే చిన్న పల్లె ఉంది. రతన్‌పూర్ ఇంకా పుట్టని కాలానికి, అంటే క్రీ.శ. అయిదు, ఆరు శతాబ్దాలకు, ఆ పల్లె తీసుకుపోతుంది. ఇక్కడ శరభపురీయ రాజుల కాలం నాటివిగా భావించే రెండు శివాలయాలున్నాయి. జనం వాటిని దేవరానీ, జేఠానీ గుళ్ళంటారు. ఇద్దరు తోడికోడళ్ళైన రాణులు చెరొకటి కట్టించారని స్థానిక కథ. జేఠానీ గుడి చాలావరకు కూలిపోయింది. పెద్ద పెద్ద రాతి దిమ్మెలు, విరిగిన స్తంభాలు మిగిలాయి. దేవరానీ గుడి ద్వారబంధం మాత్రం నిలబడే ఉంది. ఎర్ర ఇసుకరాయి మీద లతలు, గజలక్ష్మి, శివపార్వతులు ఉన్నాయి. పదిహేను వందల ఏళ్ళ వానలు పడ్డా ఉలి గీత ఇంకా పదునుగానే ఉంది.

అయితే తాలాకి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది వేరే విగ్రహం గురించి. 1987–88లో దేవరానీ గుడి ముందు మట్టి తీస్తున్నప్పుడు సుమారు తొమ్మిది అడుగుల ఎత్తు, కొన్ని టన్నుల బరువు ఉన్న శిల్పం ఒకటి బయటపడింది. దానికి రుద్రశివ అని పేరు పెట్టారు. ఇలాంటి విగ్రహం దేశంలో మరెక్కడా దొరకలేదు.

దాని ముందు కాసేపు నిలబడి పైనుంచి కిందికి చూడాలి. తలపాగా అనుకున్నది చుట్టలు చుట్టుకున్న పాముల జత. ముక్కు అనుకున్నది కిందికి పాకుతున్న బల్లి. మీసాలు రెండు చేపలు. గడ్డం ఎండ్రకాయ. చెవుల చోట నెమళ్ళు. భుజాలు మొసలి నోళ్ళలోంచి వచ్చినట్టు ఉంటాయి. ఛాతీ మీద రెండు మనిషి ముఖాలు, పొట్ట మొత్తం ఒకే పెద్ద ముఖం, తొడల మీద మళ్ళీ ముఖాలు, మోకాళ్ళ దగ్గర సింహం తలలు. మొదటి చూపులో ఉగ్రంగా నిలబడ్డ ఒక దేవుడు కనిపిస్తాడు. రెండో చూపులో నేల మీద, నీటిలో బతికే ప్రాణులన్నీ కలిసి ఒక దేహమయ్యాయని అర్థమవుతుంది. ఇది రుద్రుడా, పశుపతా, గుమ్మం కాసే గణమా అన్నదాని మీద పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. నది ఒడ్డున కూర్చుని బల్లిని, చేపని, ఎండ్రకాయని అంత దగ్గరగా చూసిన శిల్పి ఎవరో మాత్రం మనియారీ మనిషే అయి ఉంటాడనిపిస్తుంది.

ఇక రతన్‌పూర్.

బిలాస్‌పూర్ నుంచి ఉత్తరంగా వెళ్ళే రోడ్డు మీద ముందు కోనీ వస్తుంది. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. అది దాటాక పొలాలు, తర్వాత అడ్డంగా చిన్న గుట్టలు కనిపించడం మొదలవుతాయి. ఆ గుట్టల నడుమ పల్లంలో ఉంది రతన్‌పూర్. రాజధానికి ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో రోడ్డు మీద నుంచే తెలిసిపోతుంది. మూడు వైపులా కొండలు కాపు కాస్తే, మధ్యలో నీళ్ళు నిలిచే పల్లం ఉంది.

త్రిపురి కలచురుల వంశంలో ఒక శాఖకు చెందిన కళింగరాజు క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇప్పటి కోర్బా జిల్లాలోని తుమ్మాణంలో స్థిరపడ్డాడు. ఆయన మనవడు మొదటి రత్నదేవుడు 11వ శతాబ్దం మధ్యలో రాజధానిని ఇక్కడికి మార్చి తన పేరు మీద రత్నపురం అన్నాడు. వేటకు వచ్చి రాత్రి చెట్టెక్కి పడుకున్న రాజుకు ఆ చెట్టు కింద వెలుగులో అమ్మవారి కొలువు కనిపించిందనీ, అందుకే రాజధాని మార్చాడనీ ఊళ్ళో చెబుతారు. ఈ కలచురులు తమను హైహయులని చెప్పుకున్నారు. ఆ మాట వినగానే తెలుగువాళ్ళకు పలనాడు గుర్తొస్తుంది. నలగామరాజు, మలిదేవాదులు హైహయులే. వాళ్ళ తండ్రి అనుగురాజు ఉత్తరాదిన చేది దేశం వైపు నుంచి వచ్చాడని మన కథలు చెబుతాయి. గోదావరి పాయల మధ్య కోనమండలాన్ని 12వ శతాబ్దంలో ఏలినవాళ్ళు కూడా హైహయులమనే చెప్పుకున్నారు. ఈ శాఖల మధ్య రక్తసంబంధం ఎంతో తేల్చడం కష్టం కానీ, ఒకే వంశగౌరవాన్ని నర్మద నుంచి కృష్ణ దాకా చెప్పుకున్నారన్నది నిజం.

తెలుగు పాఠకుడికి ఇంకా దగ్గరైన సంగతి ఒకటుంది. కలచురి సంవత్సరం 866, అంటే క్రీ.శ. 1114 నాటి రతన్‌పూర్ శిలాశాసనం మొదటి జాజల్లదేవుడిది. ఏటేటా తనకు కప్పం కట్టే మండలాధిపతుల జాబితా అందులో ఇచ్చాడు. ఆ జాబితాలో ఆంధ్ర ఉంది, ఖిమిడి ఉంది. ఖిమిడి అంటే పర్లాకిమిడి ప్రాంతం, మన శ్రీకాకుళం జిల్లా సరిహద్దు. రాజులు శాసనాల్లో తమ గొప్పలు కాస్త పెంచి రాయిస్తారు కాబట్టి ఆంధ్రదేశం మొత్తం కప్పం కట్టిందని అనుకోనక్కర్లేదు. కానీ రతన్‌పూర్ రాజు చూపు ఎటువైపు ఉందో ఆ రాయి చెబుతోంది. అదే శాసనం ప్రకారం జాజల్లదేవుడు బస్తర్‌లోని చక్రకోటను ఏలే సోమేశ్వరుణ్ణి బంధించి, అతని తల్లి వేడుకోగా వదిలిపెట్టాడు. ఆ చక్రకోట రాజ్యంలోనే, బార్సూర్‌లో, అంతకు యాభై ఏళ్ళ ముందు తెలుగు చోడుడైన చంద్రాదిత్యుడు చెరువు తవ్వించి, గుడి కట్టించి తెలుగులో శాసనం వేయించాడు. జాజల్లదేవుడి కొడుకు రెండో రత్నదేవుడి కాలంలో యుద్ధం కళింగంతోనే వచ్చింది. కళింగాధిపతి అనంతవర్మ చోడగంగుణ్ణి ఓడించానని ఈ వంశం శాసనాలు చెప్పుకున్నాయి. చోడగంగుడి పాత రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. ఆ జిల్లా నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ చేరినవాళ్ళకు రతన్‌పూర్ అంత పరాయి ఊరేమీ కాదు.

ఊళ్ళోకి ప్రవేశించే ముందు రోడ్డు పక్కనే కాలభైరవుడి గుడి వస్తుంది. భక్తులు అక్కడ ఆగి నమస్కారం పెట్టుకుని ముందుకు సాగుతారు. తర్వాత మహామాయ గుడి. ఎదురుగా పెద్ద చెరువు, చుట్టూ మందపాటి ప్రాకారం, లోపల 16 రాతి స్తంభాల మీద నిలబడ్డ మండపం. గర్భగుడిలో ముందు మహిషాసురమర్దినిగా, వెనుక సరస్వతిగా అమ్మవారిని కొలుస్తారు. మండపం స్తంభాల్లో, గోడల్లో అంతకంటే పాత గుళ్ళ రాళ్ళు కనిపిస్తాయి. చైత్రంలో, ఆశ్వయుజంలో వచ్చే రెండు నవరాత్రులకూ ఇక్కడ జ్యోతి కలశాలు వెలిగిస్తారు. మొక్కుకున్నవాళ్ళ పేరు మీద ఒక్కో కలశం, తొమ్మిది రోజులూ ఆరకుండా. వేల కలశాల కోసం ప్రత్యేకంగా గదులున్నాయి. వాటి నూనె చూసుకోవడానికి రాత్రీ పగలూ మనుషులుంటారు. సప్తమి రాత్రి బిలాస్‌పూర్ నుంచి జనం కాలినడకన పాతిక కిలోమీటర్లు నడిచి తెల్లవారేసరికి అమ్మవారి దగ్గరికి చేరుకుంటారు. దారి పొడుగునా మజ్జిగ, టీ, పలహారాలు పంచే పందిళ్ళు వెలుస్తాయి.

దర్శనం అయ్యాక చాలామంది బండెక్కేది ఇక్కడే. ఎక్కకూడదు. గుడి ఆవరణకు ఆనుకునే కంఠీ దేవల్ ఉంది. అది ఎనిమిది పలకల చిన్న గుడి, ఎర్రరాయి కట్టడం. శిథిలమైపోయిన దాన్ని భారత పురావస్తు శాఖ రాయి రాయి విప్పి, మళ్ళీ పేర్చి నిలబెట్టింది. గోడల్లో బిడ్డకు పాలిస్తున్న తల్లి, శివలింగానికి అభిషేకం చేస్తున్న రాజు, చెట్టుకొమ్మ పట్టుకున్న సాలభంజిక కనిపిస్తారు. ఇవన్నీ ఒకే కాలం శిల్పాలు కావు. పాత గుళ్ళ రాళ్ళను ఏరి తెచ్చి కట్టారు కాబట్టి ఒకే గోడలో రెండు మూడు శతాబ్దాల చేతిపని కలిసిపోయింది. పేరున్న పెద్ద గుళ్ళకంటే ఇలాంటి చిన్న గుడే ఊరి చరిత్రను బాగా చెబుతుంది. ఒకటి కూలితే దాని రాయి మరొకదానికి ఎత్తే అలవాటు ఈ ఊళ్ళో వెయ్యేళ్ళుగా ఉంది.

కోటకు ఇంకాస్త ముందుకు వెళ్ళాలి. దాన్ని గజ్ కిలా అంటారు. చుట్టూ అగడ్త, నాలుగు వైపులా ద్వారాలు ఉండేవి. సింహద్వారం దగ్గర గోపల్లా రాయ్ అని పిలిచే భారీ రాతి విగ్రహం తల, ఛాతీ మాత్రం మిగిలాయి. బలానికి పేరుమోసిన ఆ వీరుడి కథలు ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. గణేశ ద్వారం దగ్గర గంగ, యమున నిలబడ్డారు. ఇంకొక చోట రావణుడు తన తలలు ఒక్కొక్కటీ కోసి శివుడికి సమర్పిస్తున్న శిల్పం ఉంది. యుద్ధానికి కట్టిన కోట ద్వారంలో ఈ దృశ్యం పెట్టినవాడు ఏ ఉద్దేశంతో పెట్టాడో గానీ, దాన్ని చూడకుండా దాటిపోవడం కుదరదు. ఆ పక్కనే బీస్ దువారియా అనే ఇరవై గుమ్మాల కట్టడం ఉంది. రాజు లక్ష్మణ్ సాహీ చనిపోయినప్పుడు ఇరవై మంది రాణులు సతీ అయిన చోటని చెబుతారు. ఊరి చుట్టుపక్కల సతీ రాళ్ళు కూడా ఉన్నాయి. నగరాన్ని నగరంగా చూడాలంటే ఈ బరువైన భాగాన్ని కూడా చూడాలి.

మయూరధ్వజుడి కథ మన జైమినిభారతం ద్వారా తెలిసినవాళ్ళుంటారు. బ్రాహ్మణ వేషంలో వచ్చిన కృష్ణుడు సగం దేహం అడిగితే రంపంతో కోయించుకోవడానికి సిద్ధపడ్డ రాజు ఆయన. ఆ కథ ఇక్కడే జరిగిందని రతన్‌పూర్ వాసుల నమ్మకం. నాలుగు యుగాల్లోనూ తమ ఊరు నాలుగు పేర్లతో ఉందని కూడా వాళ్ళు చెబుతారు. పురాణం పక్కన చరిత్ర రాసినవాడూ ఈ ఊరివాడే. 19వ శతాబ్దంలో బాబు రేవారామ్ హైహయ వంశ చరిత్రను రాశాడు. ఆయన కట్టిన పాటలను ఈ ఊళ్ళో గమ్మత్, రహస్ అనే జానపద నాటకాలు ఆడేవాళ్ళు ఇప్పటికీ పాడతారు.

హైహయుల పాలన 1741లో ముగిసింది. నాగ్‌పూర్ భోంస్లేల సేనాని భాస్కర్ పంత్ దండెత్తి వచ్చినప్పుడు కోట పెద్దగా పోరాడలేదు. రాజు రఘునాథ్ సింగ్ లొంగిపోయాడు. 1758 నుంచి 1787 దాకా బింబాజీ భోంస్లే రతన్‌పూర్‌లోనే ఉండి పాలించాడు. రామ్‌టేకరీ గుట్ట మీద రామాలయం కట్టించింది ఆయనే. నాగ్‌పూర్ పక్కన రామ్‌టెక్ ఉన్నట్టు తన రాజధానికీ ఒకటి ఉండాలనుకున్నాడు. దసరాకు ఆకులు బంగారంగా ఇచ్చిపుచ్చుకునే ఆచారం ఛత్తీస్‌గఢ్‌లో ఆయన తెచ్చిందేనంటారు. తెలంగాణలో జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కేవాళ్ళకు ఇది సొంత ఇంటి ముచ్చటలా ఉంటుంది. రామ్‌టేకరీ పైనుంచి చూస్తే ఊరు మొత్తం ఒకేసారి కంటికి అందుతుంది. చెరువుల మధ్య ఇళ్ళు, ఇళ్ళ మధ్య గోపురాలు, దూరంగా కోట దిబ్బ. రతన్‌పూర్‌లో ఒక్క చోటికే సమయం ఉంటే ఈ గుట్టే ఎక్కాలి. ఇంకొంచెం ఓపిక ఉంటే ఇక్‌బీరా గుట్ట మీద లఖ్నీ దేవి గుడి ఉంది. దాన్ని కలచురి మంత్రి గంగాధరుడు కట్టించాడంటారు.

1818లో ఛత్తీస్‌గఢ్ పర్యవేక్షణ బ్రిటిష్ అధికారి ఆగ్న్యూ చేతికి వచ్చింది. ఆయన పాలనా కేంద్రాన్ని రాయ్‌పూర్‌కు మార్చాడు. అధికారం వెళ్ళిపోయిన డెబ్బై ఏళ్ళకు రైలు కూడా పక్కనుంచి పోయింది. వ్యాపారులు, వకీళ్ళు, బడులు అన్నీ బిలాస్‌పూర్‌కు చేరాయి. రతన్‌పూర్‌కు ఇది నష్టమే. కానీ చూడటానికి వెళ్ళేవాళ్ళ కళ్ళతో చూస్తే ఇంకోటి కూడా తోస్తుంది. రైలు వచ్చి ఉంటే కోట రాళ్ళు ఏ వంతెన పునాదిలోకో, గూడ్స్ షెడ్డు గోడలోకో వెళ్ళి ఉండేవి. సింధు లోయలో హరప్పా ఇటుకలు రైలుకట్ట కింద పోసింది ఆ శతాబ్దంలోనే. రతన్‌పూర్ చెరువులు పూడిక పడ్డా పూర్తిగా మాయం కాలేదు. గుట్టలు గుట్టలుగానే ఉన్నాయి. పాత నగరం ఆకారం ఇంకా చెడలేదు.

యార్క్‌లో గోడలు వాటంతటవే మిగల్లేదు. 1800 ప్రాంతంలో నగర పాలకులు వాటిని పడగొట్టాలనుకున్నారు. కొన్ని భాగాలు పడగొట్టారు కూడా. చిత్రకారుడు విలియమ్ ఎట్టీ లాంటివాళ్ళు గట్టిగా అడ్డుపడ్డారు. ఆ తర్వాత 1951లో ఊరివాళ్ళే ఒక స్వచ్ఛంద గైడ్ల సంఘం పెట్టుకున్నారు. రుసుం లేకుండా, బహుమానం తీసుకోకుండా కొత్తవాళ్ళను నగరమంతా నడిపించి చూపించడం వాళ్ళ పని. ఇప్పటికీ చేస్తున్నారు. రతన్‌పూర్‌కు అన్నిటికంటే ముందు కావలసింది ఇదే. పెద్ద హోటళ్ళు, లైట్ల ప్రదర్శనలు తర్వాతి మాట. మహామాయ గుడి దగ్గర పొద్దున్నే ఒకరు నిలబడి, వచ్చినవాళ్ళను కంఠీ దేవల్‌కూ, గజ్ కిలాకూ, రామ్‌టేకరీకీ నడిపించి, ఏ రాయి ఏ కాలానిదో చెబితే చాలు. నవరాత్రులకు లక్షల కాళ్ళు నడిచి వచ్చే ఊరికి మరో మూడు కిలోమీటర్ల నడక కొత్తేమీ కాదు. కోనీలో విశ్వవిద్యాలయం ఉంది, చరిత్ర చదివే పిల్లలున్నారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు మూడూ వచ్చిన యువత ఉంది. చెప్పేవాళ్ళు దొరక్క ఆగిన పని కాదిది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో బిలాస్‌పూర్ ఎండను తక్కువ అంచనా వేయకూడదు. బిలాస్‌పూర్‌లో బస చేసి రోజుకొక వైపు వెళ్ళడం తేలిక. ఒక రోజు పూర్తిగా రతన్‌పూర్‌కే ఇవ్వాలి. సాయంత్రం మిగిలితే ఖూంటాఘాట్ జలాశయం ఉంది. అది 1920లలో ఖారంగ్ నది మీద కట్టింది. ఇంకో రోజు తఖత్‌పూర్, తర్వాత తాలా. ఈ రెంటి మధ్య మనియారీ వెంట నేరుగా బస్సు ఆశించకుండా బండి మాట్లాడుకోవడం మంచిది. మాఘ పౌర్ణమికి రతన్‌పూర్‌లో పెద్ద మేళా జరుగుతుంది. ఊరి సందడి చూడాలంటే ఆ రోజులు, శిల్పాలు తీరిగ్గా చూడాలంటే మరే రోజైనా.

మూడో రోజు ఉంటే మల్హార్ వదులుకోకూడదు. బిలాస్‌పూర్‌కు ఆగ్నేయంగా మస్తూరీ మీదుగా వెళ్ళాలి. 1970లలో సాగర్ విశ్వవిద్యాలయం తవ్వకాలు జరిపిన ఊరది. శాతవాహనుల నాణేలు దొరికిన చోటు కాబట్టి తెలుగువాళ్ళకు ఇది కూడా తెలిసిన ముఖమే. అక్కడి పాతాళేశ్వర ఆలయం 1167 నాటిది. సోమరాజు అనే బ్రాహ్మణుడు కట్టించాడు. లింగం మండపం కంటే చాలా కిందుగా ఉంటుంది కాబట్టి మెట్లు దిగి వెళ్ళి దర్శనం చేసుకోవాలి. నల్లరాతి డిడినేశ్వరీ దేవి పడవలు నడిపే కేవట్ల ఇలవేలుపు. 1991లో ఆ విగ్రహం చోరీకి గురై తర్వాత తిరిగి దొరికింది. బిలాస్‌పూర్‌కు పేరిచ్చిందని చెప్పే బిలాసా కూడా కేవట్ ఇంటి ఆడపడుచే. ఊరి విమానాశ్రయానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. కోర్బా దారిలో పాలీ దగ్గర తొమ్మిదో శతాబ్దం నాటి శివాలయం మరొకటి. రతన్‌పూర్ జాజల్లదేవుడు దాన్ని బాగు చేయించి గోడ మీద తన పేరు చెక్కించుకున్నాడు.

ఆ జాజల్లదేవుడి 1114 నాటి శాసనం, ఆంధ్ర, ఖిమిడి పేర్లున్న రాయి, ఇప్పుడు రతన్‌పూర్‌లో లేదు. బ్రిటిష్ కాలంలో శాసనాలన్నీ సేకరిస్తున్నప్పుడు నాగ్‌పూర్ సెంట్రల్ మ్యూజియానికి చేరింది. 1955లో వి.వి. మిరాశి కలచురి శాసనాల సంపుటంలో దాని పాఠం మొత్తం అచ్చువేశాడు. రాయి మ్యూజియంలోనే భద్రంగా ఉండవచ్చు. దాని అచ్చు ప్రతి ఒకటి గజ్ కిలా ద్వారం దగ్గర పెట్టి, కింద హిందీలో అర్థం, పక్కన తెలుగులోనూ ఒరియాలోనూ రెండేసి వాక్యాలు రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బిలాస్‌పూర్‌లో ఉన్న తెలుగు సంఘాలు పురావస్తు శాఖను అడగదగిన పని ఇది.